మూడో సూట్‌కేసు ఖరీదెంత?

బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం ఒకప్పుడు మన పల్నాడులో ప్రతివాడికీ తెలిసిన విద్య. ముందు ఎక్కినవాడిది కాదు సీటు, ముందు తువ్వాలు పడినవాడిది. విమానాల్లో కూడా అలాంటి తువ్వాలు ఒకటుంది. దాని పేరు గోల్డు కార్డు. ఒకే కంపెనీ విమానాల్లో ఏడాది పొడుగునా తిరిగినవాళ్ళకి ఆ కంపెనీ ఇచ్చే హోదా అన్నమాట. సిల్వరు, గోల్డు, ప్లాటినం... ఇలా మెట్లుంటాయి. మెట్టు ఎక్కేకొద్దీ మర్యాద పెరుగుతుంది. వరుసలో అందరికంటే ముందు నిలబడొచ్చు. ఒక పెట్టె ఎక్కువ తీసుకెళ్ళొచ్చు. లాంజిలో మెత్తటి కుర్చీలో కూర్చుని ఇడ్లీ తినొచ్చు.

‘అచ్చంపేటలో కూర్చున్న మాస్టారికి ఈ గొడవెందుకు?’ అని మీరు అనొచ్చు. మాది నల్లమల వైపున్న అచ్చంపేట కాదు. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలో ఉండి, ఆ తర్వాత పల్నాడు జిల్లాలోకొచ్చిన అచ్చంపేట. మిర్చి, పత్తి పండే ఊరు. విమానాశ్రయం సంగతి దేవుడెరుగు, రైలెక్కాలన్నా సత్తెనపల్లి పోవాల్సిందే. మాదిపాడు దగ్గర బల్లకట్టు మీద కృష్ణ దాటి, ముక్త్యాల మీదుగా జగ్గయ్యపేట వెళ్ళి హైదరాబాదు రోడ్డు అందుకోవడం మావాళ్ళకి అలవాటే. అలాంటి బల్లకట్టు మీదకి కూడా ఇప్పుడు ‘గోల్డు’ అని ట్యాగు కట్టిన సూట్‌కేసులు ఎక్కుతున్నాయి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి మరి.

మా పెద్దవాడు షికాగోలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. కొన్నేళ్ళపాటు సోమవారం తెల్లవారుజామున విమానమెక్కి క్లయింటు ఉన్న ఊరికి పోవడం, గురువారం రాత్రికి ఇల్లు చేరడం, ఇదీ వాడి ఉద్యోగం. సత్తెనపల్లి నుంచి మా బడికి టీచర్లు రోజూ బస్సులో వచ్చిపోయినట్టు వాడు విమానంలో వచ్చిపోయేవాడు. అలా తిరగ్గా తిరగ్గా గోల్డు కార్డు చేతికొచ్చింది. దాని గురించి వాడు చెబుతుంటే, నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి కదా, ‘సరేరా, ఇదంతా కలిపి ఎంతవుతుంది?’ అని అడిగాను. వాడు నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. ఆ జవాబు కోసమే ఈ నాలుగు మాటలూ.

మనకి బాగా తెలిసిన ఇలాంటి కార్డు ఆర్టీసీవారి క్యాట్ కార్డు. ఏడాదికి కొంత సొమ్ము కట్టి కార్డు తీసుకుంటే టిక్కెట్టులో పదోవంతు తగ్గించేవారు. వంద రూపాయల టిక్కెట్టు తొంభైకి వచ్చేది. పదిసార్లు హైదరాబాదు వెళ్ళొస్తే కార్డు ఖరీదు పోను ఎంత మిగిలిందో ఏడో తరగతి పిల్లాడు కూడా చెప్పేవాడు. విమానం కార్డుల్లో ఆ తేలిక లేదు. అక్కడ లాభాన్ని రూపాయల్లో చెప్పరు, మర్యాదల్లో చెబుతారు.

ఈ మర్యాదలు ఎలా మొదలయ్యాయో చూడండి. 1978లో అమెరికా ప్రభుత్వం విమాన చార్జీల మీద తన అదుపు ఎత్తేసే చట్టం తెచ్చింది. కంపెనీల మధ్య పోటీ ముదిరింది. ఒకసారి ఎక్కినవాడు మళ్ళీ మన విమానమే ఎక్కాలంటే ఏం చెయ్యాలా అని ఆలోచించి, 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘అడ్వాంటేజ్’ పథకం పెట్టింది. అదే నెలలో యునైటెడ్ కూడా ‘మైలేజ్ ప్లస్’ అని తన పథకం తెచ్చింది. తిరిగినన్ని మైళ్ళు ఖాతాలో జమవుతాయి, అవి పోగయితే ఉచితంగా టిక్కెట్టు వస్తుంది. చాలాకాలం ఇలాగే సాగింది. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ ఆ లెక్క మార్చేశాయి. తమ టిక్కెట్ల మీద మైళ్ళని తిరిగిన దూరాన్ని బట్టి కాకుండా పెట్టిన డబ్బుని బట్టి ఇవ్వడం మొదలెట్టాయి. పేరుకి మైళ్ళే, తూకం మాత్రం డాలర్లలో.

ఇక్కడ చాలామంది కలగాపులగం చేసుకునే విషయం ఒకటుంది. ఈ పథకాల్లో రెండు ఖాతాలుంటాయి. ఒకటి మైళ్ళ ఖాతా. అది పోస్టాఫీసు పొదుపు పుస్తకం లాంటిది. దాచుకోవచ్చు, ఖర్చుపెట్టుకోవచ్చు. రెండోది హోదా ఖాతా. అది ఏడాదికోసారి సున్నాకొస్తుంది. ఈ ఏడాది ఎంత తిరిగావన్నదాన్ని బట్టి వచ్చే ఏడాదికి మెట్టు ఇస్తారు. మళ్ళీ జనవరిలో మొదటి నుంచి ఎక్కాల్సిందే. ఈ రెంటినీ వేరువేరుగా చూడకపోతే లెక్క తేలదు.

2023 దసరాకి వాడు ఊరొచ్చినప్పుడు, వాకిట్లో మంచం మీద కూర్చుని పాత నోటుపుస్తకంలో ఇద్దరం ఒక్కొక్క సౌకర్యం రాసి ఎదురుగా ఖరీదు వేశాం. నేను పెట్టిన నియమం ఒక్కటే. కంపెనీవాడు చెప్పే ధర వెయ్యకూడదు. ఈ సౌకర్యం ఊరికే రాకపోతే నీ జేబులోంచి ఎంత తీసి ఇచ్చేవాడివో అదే వెయ్యాలి.

మొదట లాంజి రాశాం. అమెరికా కంపెనీల గోల్డు కార్డు ఉన్నా, ఆ దేశం లోపలి ప్రయాణాల్లో లాంజిలోకి రానివ్వరట! నాకు ఆశ్చర్యమేసింది. విదేశీ ప్రయాణం ఉన్న రోజునే ఆ మర్యాద. అంటే వారం వారం తిరిగేవాడికి అది ఏడాదికి ఒకసారి ఇండియా వచ్చిపోయేటప్పుడే అక్కరకొస్తుంది. వెళ్ళేప్పుడు రెండుచోట్ల, వచ్చేప్పుడు రెండుచోట్ల. బయట తిండికయ్యే ఖర్చు వేసుకున్నా వంద డాలర్లు దాటలేదు. మన దేశంలో అయితే బ్యాంకు కార్డులతో కూడా లాంజిలోకి పోవచ్చు. జనం బాగా పెరిగాక, 2024 నాటికి చాలా బ్యాంకులు ‘మూడు నెలల్లో ఇంత ఖర్చుపెడితేనే’ అని షరతు పెట్టాయి. ఊరికే వచ్చే ఇడ్లీకి కూడా లెక్కలొచ్చాయి.

తర్వాత ముందు ఎక్కనివ్వడం. ‘ముందెక్కినా విమానం అందరితోపాటే బయల్దేరుతుంది కదరా?’ అన్నాను. పైన అరలో సంచీ పెట్టుకోవడానికి చోటు దొరుకుతుందన్నాడు. సరే, ఏదో కొంత వేశాం. ఖాళీ ఉంటే ముందు వరుసల పెద్ద సీటు ఇవ్వడం మూడోది. అది అమెరికా లోపలి ప్రయాణాల వరకే. ఇండియా విమానంలో బిజినెస్ క్లాసు ఊరికే రాదు. అక్కడ కూడా డబ్బుపెట్టి కొనేవాళ్ళు పెరిగి ఖాళీలు తగ్గాయి. నెలకోసారి దక్కినా గొప్పేనన్నాడు. కాళ్ళు చాపుకునే సీటుకి మాత్రం మంచి ఖరీదే వేశాం. వాడు ఆరడుగుల మనిషి, వారానికి రెండుసార్లు కూర్చుంటాడు.

వాడు అన్నిటికంటే ఎక్కువ ఖరీదు కట్టింది నేననుకోనిదానికి. మంచు పడి విమానం రద్దయిందనుకోండి. రెండొందలమంది ఒకే కౌంటరు ముందు నిలబడతారు. గోల్డువాళ్ళకి విడిగా ఫోన్ నంబరుంటుంది. తర్వాతి విమానంలో మిగిలిన సీట్లకి ముందు వీళ్ళనే పిలుస్తారు. గురువారం రాత్రి ఇల్లు చేరడమా, శుక్రవారం మధ్యాహ్నం చేరడమా అన్నది అక్కడ తేలుతుంది. షికాగోలో చలికాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు దీన్ని కాదనలేరు. మంచిరోజున కార్డు అలంకారం, చెడ్డరోజున అవసరం అన్నమాట.

చివరికి మూడో సూట్‌కేసు. అమెరికా నుంచి వచ్చిపోయేవాళ్ళకి మామూలు తరగతిలో సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు. స్టార్ అలయన్స్ అనే విమాన కంపెనీల కూటమిలో గోల్డు హోదా ఉంటే ఇంకో పెట్టె ఉచితం. ఈ కూటమి 1997లో మొదలైంది, మన ఎయిరిండియా 2014 జూలైలో అందులో చేరింది. విడిగా డబ్బు కడితే ఆ మూడో పెట్టెకి సుమారు రెండొందల డాలర్లు. నేను రాయబోతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

‘‘ఏమండీ, ఆ పెట్టెకి కూడా ఖరీదు కడతారా?’’

ఆ పెట్టె ఆవిడది. మొదటి రెంటిలో వాడి బట్టలు, పిల్లల బట్టలు, అత్తారింటి సామాను. మూడోదాంట్లో గోంగూర పచ్చడి, కందిపొడి, కొట్టించిన కారం, అరిసెలు, సున్నుండలు. మిర్చి తూచే కాటాకి పెట్టె తగిలించి మూడుసార్లు తూచేది. ఎక్కువైతే ఒక సీసా తీసి, ముల్లు చూసి, మళ్ళీ చిన్న సీసా పెట్టేది. షికాగోలో ఇవన్నీ కొట్లో దొరుకుతాయని వాడికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. అందుకే ఆ గడిలో అంకె వెయ్యకుండా అడ్డగీత పెట్టి వదిలేశాను. మిగతావన్నీ కూడితే ఏడాదికి సుమారు ఎనిమిది వందల డాలర్లు తేలింది.

అప్పుడు మా కోడలు షికాగో నుంచి ఫోన్‌లో ఉంది. స్పీకరు పెట్టి లెక్కంతా వినిపించాం. అంతా విని, ‘‘బాగుంది మావయ్యా. మరి ఈ కార్డు ఆయనొక్కరిదేనా? ఆ నాలుగు రోజులూ ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఇంట్లో ఉన్నది నేను. నాకేం వస్తుంది?’’ అంది. నవ్వుతూనే అంది. మావాడు మాట్లాడలేదు. నేను పుస్తకం మళ్ళీ ఒకసారి చూశాను. ఖర్చు గడి అసలు గియ్యనే లేదు. వచ్చే మర్యాదలన్నీ రాశాం, వాటికోసం ఇంట్లో లేని రోజులు రాయలేదు. వారానికి నాలుగు రోజులు, ఏడాదికి నలభై వారాలు. నూట అరవై రోజులు. ఆ కార్డు మీద బంగారు రంగు ఆ నూట అరవై రోజులదే. ఉద్యోగం కోసం తిరగాల్సి వస్తే తప్పదు, తిరగాలి. ఆ తిరుగుడుకి తోడుగా వచ్చే మర్యాద తీసుకోవాలి కూడా. కానీ మర్యాద కోసం తిరగడం మొదలైతే కోడలు అడిగిన ప్రశ్నకి ఇంట్లో ఎవరిదగ్గరా జవాబుండదు.

ఆ ప్రశ్న డిసెంబరుకి నిజంగానే ముందుకొచ్చింది. వాడికి మళ్ళీ గోల్డు రావాలంటే కొంచెం తక్కువైంది. ఇలాంటప్పుడు కొందరు ఏడాది చివర ఏ పనీ లేకపోయినా ఒక టిక్కెట్టు కొని, ఏదో ఊరికి పోయి, అదేరోజు తిరిగొస్తారట. దాన్ని ‘మైలేజీ రన్’ అంటారు. మావాడికి అయ్యే ఖర్చు ఏడొందల డాలర్లు, ఒక శని ఆదివారాలు. ‘‘ఎనిమిది వందల లాభానికి ఏడొందలు పెడితే వంద మిగులుతుంది కదా నాన్నా?’’ అన్నాడు ఫోన్‌లో.

లెక్కలో పొరపాటు లేదు గానీ, ప్రశ్నలో ఉంది. ఆ ఎనిమిది వందలు వాడు తిరిగితేనే వచ్చేవి. వాడి క్లయింటు వచ్చే ఏడాది నుంచి నెలకోసారి వస్తే చాలన్నాడు. మిగతాదంతా వీడియోలోనే. వారానికి రెండుసార్లు కూర్చునే సీటు నెలకి రెండుసార్లయితే దాని ఖరీదు నాలుగో వంతుకి పడిపోతుంది. హోదా అనేది పోయిన ఏడాది ప్రయాణాలకిచ్చే బహుమతి, వచ్చే ఏడాది ప్రయాణాల్లో మాత్రమే చెల్లే చెక్కు. తిరగనివాడి దగ్గర ఆ చెక్కు చిత్తుకాగితం.

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఆ మెట్లు మనవి కావు, కంపెనీవి. ఎప్పుడైనా మార్చుకుంటుంది. 2023 సెప్టెంబరులో డెల్టా తన నిబంధనలు బాగా బిగించింది. పాత ప్రయాణికులు మండిపడ్డారు. అక్టోబరులో కొన్నిటిని సడలించాల్సి వచ్చింది. కంపెనీయే లేకుండా పోతే ఇక చెప్పేదేముంది? మన దేశంలో కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో నేలకి దిగింది. ఆ కంపెనీల మెట్లు ఎక్కడానికి ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళకి ఆ మెట్లు ఏ ఇంటికి దారితీస్తాయి? విస్తారా కథ కొంత నయం. 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసినప్పుడు దాని సభ్యుల్ని కొత్త పథకంలోకి తీసుకున్నారు.

మరి కంపెనీలు ఇదంతా ధర్మానికి చేస్తాయా అంటే అదీ కాదు. బ్యాంకులు తమ క్రెడిట్ కార్డులవాళ్ళకి పంచడానికి విమాన కంపెనీల దగ్గర మైళ్ళు డబ్బిచ్చి కొంటాయి. అది పెద్ద వ్యాపారం. 2020లో కొవిడ్ దెబ్బకి విమానాలన్నీ ఆగిపోయినప్పుడు యునైటెడ్ కంపెనీ ఈ మైలేజ్ ప్లస్ పథకాన్నే హామీగా చూపించి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. 2021లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అడ్వాంటేజ్‌ని చూపించి 1000 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. పంట పోయిన ఏడు మన ఆడవాళ్ళ మెళ్ళో బంగారం తాకట్టుకెళ్ళినట్టే, విమానాలు కదలని ఏడు వాళ్ళు మన గోల్డు కార్డుల పుస్తకాన్ని తాకట్టు పెట్టారు. ఆ బంగారం ఎవరిదో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.

మావాడు ఆ టిక్కెట్టు కొనలేదు. జనవరిలో ఒక మెట్టు దిగి సిల్వరయ్యాడు.

అయితే మైళ్ళ ఖాతా అలాగే ఉంది. హోదాకీ మైళ్ళకీ ఉన్న అసలు తేడా మాకు అప్పుడు అనుభవంలోకి వచ్చింది. వాడి గోల్డు కార్డు వాళ్ళమ్మకి ఇవ్వడానికి వీల్లేదు. ఆవిడ ఒంటరిగా ప్రయాణం చేస్తే ఆ మూడో పెట్టె రాదు, ఆ వరుసలో నిలబడనివ్వరు. మోకాళ్ళ నొప్పులున్న అరవై అయిదేళ్ళ మనిషికి దక్కని కుర్చీ, పరుగెత్తగలిగిన ముప్పై ఎనిమిదేళ్ళవాడికి దక్కుతుంది. మైళ్ళు అలా కాదు. వాటితో ఎవరి పేరునైనా టిక్కెట్టు తీయొచ్చు. రెండు లక్షల పైచిలుకు మైళ్ళుంటే వాడు వాళ్ళమ్మకి 2024 ఏప్రిల్‌లో శంషాబాద్ నుంచి షికాగోకి బిజినెస్ క్లాసులో వెళ్ళేందుకు టిక్కెట్టు తీశాడు. పన్నులు మాత్రం డబ్బుగా కట్టాడు. నాకు మామూలు టిక్కెట్టు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆవిడ ముందు సీట్లో, నేను వెనక సీట్లో కూర్చుని ప్రయాణం చెయ్యడం అదే మొదలు.

ఆవిడ కాళ్ళు చాపుకుని ఆరుగంటలు నిద్రపోయింది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ఇచ్చారు. దానికి ఏ కార్డూ అక్కర్లేదు, డబ్బూ కట్టక్కర్లేదు. అవసరం ఉన్నవాళ్ళు టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పుకోవాలి, అంతే. అన్నిటికంటే ఆవిడకి నచ్చింది వేరే. ఆ తరగతిలో పెట్టె ఒక్కింటికి 32 కిలోలు. రెండు పెట్టెలు కలిపి 64. మామూలు టిక్కెట్టు కంటే 18 కిలోలు ఎక్కువ. మూడో సూట్‌కేసులో ముప్పాతిక భాగం ఆ రెంటిలోనే పట్టేసింది. కాటా మళ్ళీ బయటికొచ్చింది.

ఈ లెక్కంతా అయ్యాక, పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులకి నాకు తోచిన నాలుగు మాటలు. ఈ పథకాల్లో చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎయిరిండియాకి మహారాజా క్లబ్ ఉంది. 2006 నుంచి ఎగురుతున్న ఇండిగో కూడా 2024లో బ్లూచిప్ అని ఒకటి పెట్టింది. పిల్లల్ని చూడ్డానికి పోయొచ్చే మీ ప్రయాణానికి కూడా మైళ్ళొస్తాయి. పాస్‌పోర్టులో ఎలా ఉందో పేరు అలాగే రాసి సభ్యత్వం తీసుకోండి. టిక్కెట్టు కొనేటప్పుడే ఆ నంబరు ఇవ్వండి. మైళ్ళు జమ అయ్యేదాకా బోర్డింగ్ పాసు పారెయ్యకండి. ఎమిరేట్స్ వంటి కొన్ని కంపెనీల్లో ఇంటిల్లిపాదీ మైళ్ళు ఒకేచోట పోగుచేసుకోవచ్చు. ఏ కంపెనీ ఏ కూటమిలో ఉందో ముందే చూసుకోండి. ఎమిరేట్స్ ఏ పెద్ద కూటమిలోనూ లేదు. అందులో ప్రయాణం చేస్తూ స్టార్ అలయన్స్ గోల్డు చూపిస్తే మూడో పెట్టె ఎక్కించుకోరు. మైళ్ళు మరీ ఏళ్ళ తరబడి దాచకండి. టిక్కెట్టుకి ఎన్ని మైళ్ళు కావాలన్నది పెంచడం వాళ్ళ చేతిలో పని. అవసరమైన మనిషి ఇంట్లో ఉన్నప్పుడే వాడెయ్యండి.

ఇక హోదా విషయం. రెండు టిక్కెట్ల ధర ఒకటే అయితే కార్డు ఉన్న కంపెనీ విమానమే ఎక్కొచ్చు. కొద్ది తేడా ఉన్నా, అందులో పెట్టె, సీటు కలిసొస్తాయేమో చూసుకోవచ్చు. అంతకుమించి పదిహేను వేలు ఎక్కువ పెట్టి, ఇంకో ఊరు చుట్టి, మనవడి అన్నప్రాసనకి ఒకరోజు ఆలస్యంగా వచ్చి ‘గోల్డు నిలబెట్టుకున్నాను’ అంటే మాత్రం మా మంచం మీది నోటుపుస్తకం ఒప్పుకోదు.

మావాడు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడో నేను అడగలేదు. మనకి సోమవారం సాయంత్రమైతే వాళ్ళకి పొద్దున. ఒకప్పుడు ఆ వేళ ఫోన్ చేస్తే విమానాశ్రయం మైకు వినపడేది. ఈమధ్య చేస్తే, పిల్లల్ని బడికి తయారుచేస్తూ, ‘‘నాన్నా, పది నిమిషాలాగి నేనే చేస్తాను’’ అని పెట్టేస్తున్నాడు.